మామూర్ రాసిన కాగితం

ఈజిప్టులో గొడవలు రేగి, అక్కడి ఉద్యోగులంతా సూడాన్ విడిచి వెళ్లిపోవాలని ఇంగ్లీషువాళ్ల తాఖీదు వచ్చిన ఆ చలికాలంలో, ఉమ్ సిద్రా కచేరీలో ఖాళీ అయింది ఒకే ఒక్క కుర్చీ. అది మామూర్ షాకిర్ ఎఫెందీది.

ఉమ్ సిద్రాలో ప్రభుత్వమంటే మామూరే. పైన ఇంగ్లీషు జిల్లా దొర ఉన్నాడు గానీ, ఆయన ఉండేది ఒంటె మీద నాలుగు రోజుల దూరంలో. ఏడాదికి రెండుసార్లు వచ్చి, గుడారం వేయించుకుని, అన్నీ చూసి పోయేవాడు. మిగతా రోజుల్లో బావి దగ్గర వంతుల తగవు తీర్చాలన్నా, దొంగని కొట్లో పెట్టాలన్నా, తుమ్మజిగురు సంతకి రోజు ఖాయం చెయ్యాలన్నా మామూర్ ముద్ర పడాల్సిందే.

ఆ ముద్రనీ తాళంచెవులనీ షాకిర్ ఎఫెందీ తన గుమాస్తా ఖలఫల్లా చేతిలో పెట్టాడు. ఖలఫల్లాది నైలు ఒడ్డున ఒమ్‌దుర్మాన్. ఖార్టూంలో కాలేజీ చదువు చదివి, ఇరవై నాలుగో ఏట ఈ ఇసక ఊరికి వచ్చాడు. మూడేళ్లపాటు షాకిర్ చెప్పింది రాశాడు, రాసింది చదివి వినిపించాడు, సాయంత్రాలు ఆయనతో పాచికలాడాడు. షాకిర్‌కి గెలవడం ఇష్టం. ఖలఫల్లాకి ఎవరో ఒకరు ఎదురుగా కూచోవడం ఇష్టం. ఇద్దరికీ బాగా కుదిరింది.

"ఆ కుర్చీకి ఓ కాలు పొట్టి" అన్నాడు షాకిర్, ఒంటె ఎక్కబోతూ. "సంతకం పెట్టేటప్పుడు ఎడమకి వాలకు. పదకొండేళ్లు వాలి వాలి నా నడుం పోయింది."

"గొడవలు సద్దుమణిగాక మళ్లీ వస్తారు లెండి."

"వస్తే లేచి చోటిస్తావా ఏంటి?" అన్నాడు షాకిర్. నవ్వుదామనే అన్నాడు గానీ నవ్వలేకపోయాడు. మీసం సర్దుకుని, ఒంటెని లేపమని చెప్పాడు. పాచికల పెట్టె ఆయన సామాన్లలోనే వెళ్లిపోయింది.

రెండు నెలలకి కాగితం వచ్చింది: ఖలఫల్లా ఎఫెందీని ఉమ్ సిద్రా మామూర్‌గా నియమించడమైనది. ఆ కుర్చీలో సూడాన్ మనిషి కూచోవడం అదే మొదలు. ఒమ్‌దుర్మాన్‌లో వాళ్లమ్మ పేటంతా ఖర్జూరాలు పంచింది.

గుమాస్తాగా ఉన్నప్పుడు ఖలఫల్లా పొద్దు వాలగానే బజార్లో కాఫీ కొట్టుకి పోయేవాడు. జిగురు వర్తకులూ ఒంటెలవాళ్లూ "ఏం ఖలఫల్లా, మీ మామూర్ ఇవాళ ఎవరి మీద విరుచుకుపడ్డాడు?" అని అడిగి, అతను షాకిర్ గొంతు అనుకరిస్తే పడీ పడీ నవ్వేవాళ్లు. మామూర్ అయ్యాక మొదటిసారి అక్కడికి పోయినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. అతను కూచోమన్నాడు. వాళ్లు కూచోలేదు. అందరూ నిలబడుంటే తానొక్కడే కూచుని తాగడం ఏం బావుంటుందని అతనూ నిలబడే తాగాడు. కాఫీ కాచే ఆవిడ మామూలుగా వేసే హాస్యాలేవీ వెయ్యకుండా తలొంచుకుని చిన్న గిన్నె అందించింది. వారం తర్వాత మళ్లీ పోయాడు. మళ్లీ అదే. మూడోసారి పోలేదు. బంట్రోతు కూకూ చేత కాఫీ కచేరీకే తెప్పించుకోవడం మొదలుపెట్టాడు.

కూకూ నూబా కొండలవాడు. వయసులో పెద్దవాడు, మాట తక్కువ మనిషి. "కూచో కూకూ, నువ్వూ తాగు" అంటే, "నేను బయట తాగుతా జనాబ్" అని బయటికి పోయి, గోడకి అవతల కూచుని తాగేవాడు. ఇద్దరూ ఒకే గోడకి చెరో పక్క ఆనుకుని కూచుని తాగేవాళ్లు. అంతకన్నా దగ్గరికి కూకూ రాలేదు.

మామూర్ అయిన ఏడాదే పెళ్లయింది. బతూల్ ఒక్క వానాకాలం ఉమ్ సిద్రాలో ఉంది. మంచినీళ్లు తోలుసంచుల్లో రావడం, ఆ నీళ్లలో మేక వాసన, పక్కింటి ఆడవాళ్లు మామూర్ భార్య అని ఆమె ఎదట చాప మీద కూడా కూచోకపోవడం, పైగా జ్వరం. ఒంట్లో బాగుచేసుకుని వస్తానని పుట్టింటికి పోయింది. ఏడాది చూశాడు, రెండేళ్లు చూశాడు. మూడో ఏట ఆమె అన్న ఉత్తరం రాశాడు, పిల్ల అక్కడికి రాదు, నువ్వు ఇక్కడికి రాలేవు, ఇలా ఎన్నాళ్లు అని. ఖలఫల్లా తలాఖు కాగితం తానే రాసి, తానే మడిచి, సర్కారు టపాలో వేశాడు. దానికి ముద్ర వెయ్యబోయి, అది సర్కారు కాగితం కాదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నం రెండు కేసులు విన్నాడు. ఏం విన్నాడో తర్వాత దస్త్రం చూస్తేనే తెలిసింది.

జిల్లా దొర హార్‌గ్రీవ్ మంచివాడే. అబద్ధమాడేవాడు కాదు, ఎవరిమీదా చెయ్యి చేసుకునేవాడు కాదు. ఒంటెలన్నా, ఒంటెల వెంట తిరిగే జనమన్నా ఆయనకి ప్రాణం. తెగల షేకుల పక్కన బాసింపట్టు వేసుకుని కూచుని, అరబ్బీలో గంటలకొద్దీ కబుర్లాడేవాడు. ఖలఫల్లాతో మాత్రం ఇంగ్లీషే. అదీ నిలబెట్టి.

"ఆ ఎర్ర టోపీ నీకెందుకు?" అన్నాడొకసారి. "ఈజిప్టువాళ్లు పోయారుగా. మీ తాతలు కట్టుకున్నట్టు తలపాగా కట్టుకో. బావుంటుంది."

సరేనని తర్వాతి మకాముకి ఖలఫల్లా పొడుగాటి తెల్ల అంగీ, జల్లాబియా, తొడుక్కుని, తలపాగా చుట్టుకుని, షేకుల వరసలో నిలబడ్డాడు. దొర ఒంటె దిగి, "సలాం, సలాం. గొడ్లు ఎలా ఉన్నాయి? మీ వైపు వానలు పడ్డాయా?" అంటూ అతని రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. అంత ఆప్యాయంగా ఆయన ఎన్నడూ పలకరించలేదు. ఆ తర్వాత మొహం పోల్చుకున్నాడు. చేతులు వదిలేసి, ఇంగ్లీషులోకి మారి, "జైలు దస్త్రాలు సిద్ధంగా ఉన్నాయా?" అన్నాడు.

మర్నాటి నుంచి ఖలఫల్లా మళ్లీ ఎర్ర టోపీయే పెట్టుకున్నాడు.

అలా అయిదేళ్లు గడిచాక, ఒక వేసవిలో ఆంతరంగికం అని రాసి లక్కవేసిన కవరు వచ్చింది. చదువుకున్న ఉద్యోగుల్ని తగ్గించి, తెగల షేకులకే కోర్టులిచ్చి పరిపాలన వాళ్ల చేతుల్లో పెట్టాలని పైవాళ్ల ఆలోచన. ఉమ్ సిద్రాలో షేక్ జాదీన్ మామూర్ అవసరం లేకుండా కోర్టు నడపగలడా? రెండు నెలల్లో నీ నిజమైన అభిప్రాయం రాయవలసింది.

అదే టపాలో ఖార్టూం నుంచి తయ్యిబ్ ఉత్తరం కూడా ఉంది. తయ్యిబ్ అతనితో కలిసి చదువుకున్నవాడు, సచివాలయంలో అనువాదకుడు. నెలకో ఉత్తరం రాసే స్నేహితుడు అతనొక్కడే.

"ఈ ప్రశ్న దేశంలో మామూర్లందరికీ వచ్చింది" అని రాశాడు తయ్యిబ్. "అందరం ఒకటే జవాబు రాద్దామనుకున్నాం. షేకులకి చదువు రాదు, పక్షపాతం ఉంది, వాళ్లవల్ల కాదు. నువ్వూ అదే రాయి. మనవాళ్లలో ఒక్కడు ఔనన్నా చాలు, ఆ కాగితం పట్టుకుని మిగతా అందరి నోళ్లూ మూయిస్తారు."

ఖలఫల్లా ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. కాదని రాయడానికి అయిదు నిమిషాలు పట్టదు. కానీ షేక్ జాదీన్ కోర్టు నడపగలడో లేడో అతనికి నిజంగా తెలియదు. అయిదేళ్లలో ఆయన్ని కచేరీలో బల్లకి అవతలే చూశాడు. తెలియనిది తెలుసని ఎలా రాయడం? ఒంటె తెప్పించుకుని, షేక్ తగవులు తీరుస్తూ బావుల వెంట తిరిగే పన్నెండు రోజులూ ఆయనతో తిరుగుదామని బయలుదేరాడు.

షేక్ జాదీన్‌కి అరవై దాటాయి. పొట్టి మనిషి, మాట పదును. అన్న చనిపోతే మూడేళ్ల కిందట తెగవాళ్లు ఆయన్ని షేకుని చేసుకున్నారు. అక్షరం ముక్క రాదు.

"నాతో తిరగడానికొచ్చావా, నా పళ్లు లెక్కపెట్టడానికొచ్చావా ఎఫెందీ?" అన్నాడు. "ఒంటె బేరానికొచ్చినవాడిలా చూస్తున్నావు."

"చూసి రాయమన్నారు."

"అయితే ముందు తిను. ఆకలితో రాసినవాడు నా గురించి మంచి రాయడు."

పెద్ద చెక్కగిన్నెలో జొన్నసంకటి, మీద బెండపొడి పులుసు. షేక్, ఆయన మనుషులు నలుగురు, ఖలఫల్లా చుట్టూ కూచున్నారు. ఎవరో పక్కకి జరిగి మోకాలు అతని మోకాలికి తగిలేలా చోటిచ్చారు. అతను చెయ్యి పెట్టాడు. అయిదేళ్లలో ఇంకో మనిషి చేతితో పాటు ఒకే గిన్నెలో అతని చెయ్యి పడటం అదే మొదలు. ఒక ముద్ద తిన్నాక చెయ్యి ఆపేశాడు. కారం ఎక్కువైందని చెప్పి నీళ్లడిగాడు.

"ఒమ్‌దుర్మాన్ నాలుక" అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

నాలుగోరోజు ఒక తబల్దీ చెట్టు తగవు వచ్చింది. ఆ చెట్ల మానుల్లో గుల్ల ఉంటుంది. వానల్లో నీళ్లు మోసి పోస్తే వేసవంతా తాగుతారు. ఒక చెట్టు కోసం అన్నదమ్ములిద్దరు కొట్టుకుంటున్నారు. ఆ కేసు ఖలఫల్లాకి బాగా గుర్తుంది. మూడేళ్ల కిందట కచేరీలో కూచుని చెరి సగం అని తీర్పు రాసింది తానే.

"నీ కాగితాన్ని పెద్దాడు తోలుతిత్తిలో పెట్టి, తాయెత్తులా జబ్బకి కట్టుకుని తిరుగుతున్నాడు" అన్నాడు షేక్. "చదవడం రాదు కనక ఇంకా గౌరవం."

షేక్ అన్నదమ్ములతో ఒక్క మాటా మాట్లాడలేదు. దూరంగా నిలబడ్డ ఆడవాళ్లని పిలిచి, "పోయిన వానల్లో ఈ మాను నింపింది ఎవరు?" అని అడిగాడు. చిన్నవాడి పెళ్లామూ అత్తా అని అందరూ ఒక్కగొంతుగా చెప్పారు. "అంతకు ముందు ఏడు?" వాళ్లే. "పెద్దాడి ఇంట్లోవాళ్లు?" ఎవరూ మాట్లాడలేదు. నింపినవాళ్లే తాగాలన్నాడు షేక్. పెద్దవాడికి నీళ్లు కావాలంటే ఈ ఏడు పెళ్లాంతో కలిసి మొయ్యాలన్నాడు. పొయ్యి మీద కాఫీ పొంగేలోపల తీర్పయిపోయింది.

ఖలఫల్లా ఇసక మీద వేలితో గీతలు గీస్తూ కూచున్నాడు. మూడేళ్లపాటు ఇద్దరాడవాళ్లు మోసిన నీళ్లలో సగం ఒక సోమరికి ఇప్పించాడు తను, శుభ్రమైన దస్తూరీతో.

అదే తిరుగుడులో ఇంకొకటి కూడా చూశాడు. పడమటి ఆఫ్రికా దేశాల నుంచి మక్కాకి బయలుదేరి, దారిలో ఆగిపోయిన ఫల్లాతా జనం ఆ పల్లెల అంచున గుడిసెలు వేసుకుని బతుకుతున్నారు. వాళ్లు ఫిర్యాదుతో వస్తే షేక్ మనుషులు వెనక్కి నెట్టేవాళ్లు. అందరిదీ అయ్యాక, పొద్దుపోయి, షేక్‌కి ఆవులింతలొస్తున్నప్పుడు వాళ్ల వంతు.

"వాళ్లు దారినపోయేవాళ్లు ఎఫెందీ" అన్నాడు షేక్, అడిగితే. "రేపో ఎల్లుండో పోతారు."

"ఇరవై ఏళ్లయింది వచ్చి."

"ఇంకా మక్కా చేరలేదుగా."

తిరిగొచ్చి మూడు రోజులు తలుపేసుకుని రాశాడు. పదకొండు పేజీలయింది. మొదటి పది పేజీల్లో షేక్ జాదీన్ కోర్టు నడపగలడని, చాలా విషయాల్లో మామూర్ కన్నా బాగా నడపగలడని, తబల్దీ చెట్టు సంగతితో సహా రాశాడు. పదకొండో పేజీలో, తెగకి చెందనివాళ్లకీ దిక్కులేనివాళ్లకీ ఆ కోర్టు పైన మొరపెట్టుకునే మనిషి ఒకడు ఊళ్లోనే ఉండాలని రాశాడు. ఆ మనిషి పెద్ద ఉద్యోగి కానక్కర్లేదు, గుమాస్తా అయినా చాలు అన్నాడు. రాసి, తయ్యిబ్ ఉత్తరం పక్కన పెట్టుకుని ఒక పూట ఊరికే కూచున్నాడు. తర్వాత సంతకం పెట్టాడు.

దొర మకాముకి వచ్చి గుడారంలో ఆ పదకొండు పేజీలూ చదివాడు. చదివి లేచి, చెయ్యి చాపాడు. ఇంగ్లీషులోనే, "నీ నుంచి ఇది అనుకోలేదు ఖలఫల్లా ఎఫెందీ. నిజాయితీగా రాశావు" అన్నాడు.

"పదకొండో పేజీ కూడా చూడండి సర్."

"చూశాను. అది అక్కర్లేదు. నేనున్నానుగా." నీలం పెన్సిలుతో ఆ పేజీ మీద ఒక మూల నుంచి ఇంకో మూలకి గీత గీశాడు. కోపంగా కాదు, ఒద్దికగా గీశాడు.

"మీరు ఏడాదికి రెండుసార్లు వస్తారు సర్."

"మూడుసార్లు రావడానికి ప్రయత్నిస్తాను" అన్నాడు దొర.

చలికాలంలో ఉత్తర్వులొచ్చాయి. వేసవి చివర, షేక్‌కి కోర్టు ఇచ్చే రోజున, ఊరంతా మైదానంలో చేరింది. గుర్రాలు, డప్పులు, నాలుకలాడిస్తూ ఆడవాళ్లు పెట్టే సంబరపు కేకలు. దొర షేక్ భుజాల మీద జరీ అంగీ కప్పి, నడుముకి కత్తి కట్టాడు. ఉత్తర్వు చదవడానికి అంత సభలో గొంతున్న చదువరి మామూరే. అందుకని ఖలఫల్లా ముందుకొచ్చి, ఎండలో నిలబడి, పెద్దగా చదివాడు. ఫలానా తేదీ నుంచి షేక్ జాదీన్‌కి న్యాయాధికారం ఇవ్వడమైనది. అదే తేదీ నుంచి ఉమ్ సిద్రాలో మామూర్ ఉద్యోగం రద్దు చెయ్యడమైనది. ఆ రెండో వాక్యం దగ్గర గొంతు తగ్గకుండా జాగ్రత్తపడ్డాడు. జనానికి మొదటిదే వినపడింది. డప్పులు మోగాయి.

అతన్ని సముద్రపు ఒడ్డున పోర్ట్ సూడాన్‌కి, రేవు కచేరీలో అనువాదకుడిగా వేశారు. మళ్లీ గుమాస్తా పనే, పేరు వేరు. తయ్యిబ్ దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అందులో ఒకటే వాక్యం. "నీ కాగితం మేమందరం చదివాం." దానికి ఖలఫల్లా నాలుగు పేజీల జవాబు రాశాడు. తయ్యిబ్ మళ్లీ రాయలేదు.

దస్త్రాలన్నీ పెట్టెల్లో పెట్టి జిల్లా కేంద్రానికి పంపేశారు. ఖాళీ అలమరాల మధ్య, పని లేకుండా, లారీ కోసం కూచున్నాడు ఖలఫల్లా. ఇంకా తొమ్మిది రోజులుందనగా, తొలి వాన పడ్డ నాలుగో రోజున, ఒక ఆడమనిషి గుమ్మంలోకొచ్చి నేల మీద కూచుంది. ఫల్లాతా మనిషి, పేరు మైరమ్. అయిదేళ్ల కిందట ఊరి కొత్తబావి తవ్వుతుంటే ఒడ్డు కూలి ఆమె మొగుడు అందులో పూడిపోయాడు. అప్పుడున్న పెద్ద షేక్, జాదీన్ అన్న, ఆ బావి పక్కనే ఆమెకి జొన్నచేను కొలిపించి ఇచ్చాడు.

"బిరైమా నా చేలో విత్తనాలు వేయించేశాడయ్యా" అంది. బిరైమా షేక్ జాదీన్ మేనల్లుడు.

"నాకిప్పుడు అధికారం లేదమ్మా. షేక్ కోర్టుకి పో."

"పోయాను. సాక్షి ఎవరన్నారు. చేను కొలిచిన రోజు అక్కడున్నది పెద్ద షేకూ, మీరూ. ఆయన్ని గోరీలోంచి లేపలేను కదా. మిమ్మల్ని లేపుదామని వచ్చాను."

ఖలఫల్లా ఖాళీ అలమరాల వైపు చూశాడు. ఆ చేను కొలతలు తన చేత్తోనే దస్త్రంలో ఎక్కించాడు. ఆమెకీ, ఆమె సంతతికీ అని కూడా రాశాడు. ఆ పేజీ ఇప్పుడు నాలుగు రోజుల దూరంలో ఏదో పెట్టెలో ఉంది. తెప్పించాలంటే దొరకి రాయాలి, దొర చూడాలి, ఎవరో వెతకాలి. ఈలోపల జొన్న మొలిచి కోతకొస్తుంది.

"ఎప్పుడు రమ్మన్నారు?"

"రేపు."

మర్నాడు ఎర్ర టోపీ పెట్టుకుని, షేక్ కోర్టు జరిగే గడ్డిపందిరి దగ్గరికి నడిచాడు. జరీ అంగీ వేసుకుని షేక్ మంచం మీద కూచున్నాడు. పెద్దలు నలుగురు చాపల మీద ఉన్నారు. వాదులూ సాక్షులూ ఇసకలో. ఖలఫల్లా వస్తుంటే చాప మీదవాళ్లు అలవాటుగా లేవబోయారు. షేక్ కళ్లతోనే ఆపాడు. ఖలఫల్లా పోయి ఇసకలో, మైరమ్ వెనకాల కూచున్నాడు.

"సాక్షీ, నీ పేరు?" అన్నాడు షేక్.

"ఖలఫల్లా."

"తండ్రి పేరు?"

"ఇద్రీస్."

ఆరేళ్లు తాను జనాన్ని అడిగిన ప్రశ్నలే అవి. అడుగుతున్నప్పుడు అవతలివాడికి నోరెండుతుందని అతనికెప్పుడూ తట్టలేదు.

"ఈయన గురువారం లారీ ఎక్కి పోయే మనిషి" అన్నాడు బిరైమా, నిలబడి. "ఈయన మాట ఈ నేల మీద ఏం నిలుస్తుంది? పైగా ఉద్యోగం పోయిందన్న కడుపుమంట."

కొందరు నవ్వారు. షేక్ నవ్వలేదు. కుర్ఆన్ తెప్పించాడు. ఖలఫల్లా టోపీ సర్దుకుని, చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు.

"మా అన్న ఏమన్నాడు ఆ రోజు?"

"బావి నుంచి దక్షిణంగా నలభై అడుగులేసి, అక్కడ తన కర్ర పాతారు. ఇది ఈమెకి, ఈమె పిల్లలకి అన్నారు. నేను కొలిచాను. రాసుకున్నాను."

"అన్నాడా, నువ్వే రాశావా?"

"అన్నారు. నేను రాశాను."

షేక్ తలెత్తి చుట్టూ చూశాడు. పందిరి చుట్టూ తెగవాళ్లు మూగి ఉన్నారు. బిరైమా బంధువులు ముందు వరసలోనే ఉన్నారు. తర్వాత తీర్పు చెప్పాడు. చేను మైరమ్‌ది. బిరైమా వేసిన విత్తనం కూడా ఆమెదే, నోరు మూసుకుని ఊరుకోవాలి. కానీ ఆమె బతికున్నన్నాళ్లే. ఆ తర్వాత అది తెగకి చేరాలి.

ఖలఫల్లా లేచాడు. "నేను చెప్పింది రెండు మాటలు. ఈమెకి, ఈమె పిల్లలకి. ఈమెకి కూతురుంది."

"సాక్షీ" అన్నాడు షేక్, గొంతు పెంచకుండా. "నిన్నడిగింది నువ్వు చెప్పావు. కూచో."

నిలబడి ఉన్న ఆ రెండు క్షణాల్లో ఖలఫల్లాకి పదకొండో పేజీ మీద నీలం గీత కళ్ల ముందు కనిపించింది. తాను మామూర్‌గా ఉంటే ఈ తీర్పు తిరగరాసేవాడు. అదీ నిజమే. తాను మామూర్‌గా ఉంటే ఈ కేసు విచారణకి రావడానికే ఎనిమిది నెలలు పట్టేది. అదీ నిజమే. కూచున్నాడు.

బయటికొచ్చాక మైరమ్ అతని చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. "బతికున్నన్నాళ్లు అన్నాడుగా" అంది. "నేనంత తొందరగా చావనులే అయ్యా. బిరైమాని పూడ్చి మరీ పోతాను."

ఆ మాటకి ఖలఫల్లా పైకే నవ్వాడు. నవ్వు ఆగాక చూస్తే ఆమె అప్పటికే చేనివైపు సగం దూరం పోయింది.

గురువారం పొద్దున లారీ వచ్చింది. జిగురు బస్తాల మీద అతని పెట్టె, పరుపుచుట్ట ఎక్కించారు. అతను బజారు వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. పన్నెండు రోజులు ఒకే గిన్నెలో తిన్న మనిషి వీడ్కోలు చెప్పడానికొస్తాడని లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాడు. షేక్ రాలేదు. కూకూ మాత్రం నీళ్లు నింపిన కొత్త తోలుసంచి ఒకటి మోసుకొచ్చాడు.

"షేక్ పంపాడు జనాబ్. తను రాకూడదన్నాడు. సాక్షితో కలిసి కనపడితే బిరైమావాళ్లు తీర్పుని తప్పుపడతారట."

"సరే. మంచిదే."

"ఇంకో మాట చెప్పమన్నాడు. ఆ రెండో మాట కూడా నాకు వినపడిందని చెప్పు అన్నాడు."

ఖలఫల్లా తోలుసంచి అందుకున్నాడు. "నువ్వు కొండలకి పోతావా కూకూ?"

"షేక్ కోర్టులోనే ఉండమన్నారు జనాబ్. పందిట్లో" అన్నాడు కూకూ. తర్వాత, మునుపెన్నడూ లేనిది, "క్షేమంగా పోయి రా నాయనా" అని, అతని భుజం మీద ఒకసారి తట్టాడు.

పోర్ట్ సూడాన్‌లో ఎవరికీ అతను మామూర్‌గా చేశాడని తెలియదు. అతనూ చెప్పలేదు. పొద్దున ఓడల సరుకుల చీటీలు తర్జుమా చేసేవాడు, సాయంత్రం సముద్రపు గోడ మీద కూచునేవాడు. పక్కనే యెమెన్ కూలీలు, గ్రీకు కొట్లవాళ్లు, మక్కాకి పోయే యాత్రికులు. ఎవరూ అతన్ని చూసి లేచేవాళ్లు కాదు. అది మొదట్లో హాయిగా ఉండేది. తర్వాత్తర్వాత, లేచేందుకైనా తన మొహం గుర్తుపట్టేవాళ్లు ఒక్కరూ లేరని అనిపించేది.

అక్కడికి చేరిన నెలలోనే జిల్లా కేంద్రానికి అర్జీ పెట్టాడు: ఉమ్ సిద్రా భూముల దస్త్రంలో మైరమ్ చేను ఎక్కించిన పేజీకి నకలు కావాలని. అందినదని జవాబొచ్చింది. మరుసటేడు మళ్లీ రాశాడు. అందినదని జవాబొచ్చింది. మూడో ఏడూ అంతే. దొర బదిలీ అయి కొత్త దొర వచ్చాక, నాలుగో ఏట, ఒక సన్న కవరులో నకలు వచ్చింది. తన దస్తూరీని వేరెవరో చూసి రాసినది. బావి నుంచి దక్షిణంగా నలభై అడుగులు. ఆమెకీ, ఆమె సంతతికీ. కింద కొత్త ముద్ర.

దాన్ని మడిచి, మైరమ్ కూతురి పేరు పైన రాసి, ఉమ్ సిద్రా పోయే జిగురు వర్తకుడొకడు రైలు దిగితే అతని చేతికిచ్చాడు. తప్పకుండా ఇస్తానని అతను లోపలి జేబులో పెట్టుకున్నాడు. అది ఆమెకి చేరిందో లేదో తెలియలేదు. వాళ్లింట్లో రాయడం వచ్చినవాళ్లు లేరు. ఆ వర్తకుడు మళ్లీ ఆ దారిన రాలేదు. టపా రైలు వచ్చే రోజుల్లో మాత్రం ఖలఫల్లా కుర్చీ గుమ్మానికి ఎదురుగా తిప్పుకుని, సంచులన్నీ పంచడం అయ్యేదాకా అలాగే కూచుని, తర్వాత సరుకుల చీటీలు ముందుకి లాక్కునేవాడు.